పదేపదే పోయే థర్మల్ ఫ్యూజు: డిష్‌వాషర్‌లో వేడి ఎక్కడ పుడుతోంది?

డిష్‌వాషర్‌లో థర్మల్ ఫ్యూజు ఒకసారి పోతే పాతబడి పోయిందనుకుని కొత్తది వేసుకోవచ్చు. వేసిన కొద్ది వారాలకే మళ్లీ పోయిందంటే ఫ్యూజును అనుమానించడం మానేయాలి. దానికి అప్పజెప్పిన పని అది చేసింది. యంత్రంలో ఎక్కడో ఉండకూడని వేడి పుడుతోంది. అది ఎక్కడిదో తేలకుండా మరో ఫ్యూజు కొనడం డబ్బు దండగే కాదు, ప్రమాదం కూడా.

అమెరికాలోని తెలుగు ఇళ్ల నుంచి ఈ ఫిర్యాదు నా దాకా తరచూ వస్తుంది. ఇక్కడ డిష్‌వాషర్ చాలావరకు ఇంటితోపాటే వస్తుంది. మనవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి దాన్ని, చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టుకునే అరగానే వాడతారు. ఇంట్లో పసిబిడ్డ పుట్టినప్పుడో, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి వంట పెరిగినప్పుడో ఉన్నట్టుండి రోజూ నడపడం మొదలవుతుంది. పాలసీసాలున్నాయి కదా అని హై టెంప్, శానిటైజ్, హీటెడ్ డ్రై మూడూ నొక్కేస్తారు. ఎండిపోయిన రబ్బర్లు, ఏళ్లుగా కదలని వాల్వులు, పట్టు సడలిన కనెక్టర్లు అప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి. కాబట్టి ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 120 వోల్టుల అమెరికన్ యంత్రాల గురించి. ఇండియాలోని 230 వోల్టుల వాటికి తేడా ఉన్న చోట ఆ మాట చెబుతాను.

ఫ్యూజు ఎక్కడ కూర్చుంది?

మామూలు ఫ్యూజు కరెంటు ఎక్కువైతే కాలిపోతుంది. థర్మల్ ఫ్యూజు చూసేది ఉష్ణోగ్రతను. ఎక్కువగా వాడే రకంలో చిన్న లోహపు గొట్టం లోపల ఒక బిళ్ల, దాన్ని ఆనుకుని స్ప్రింగు ఉంటాయి. బిళ్ల గట్టిగా ఉన్నంతసేపు కాంటాక్టు కలిసే ఉంటుంది. నిర్ణయించిన వేడికి బిళ్ల కరుగుతుంది, స్ప్రింగు కాంటాక్టును విడదీస్తుంది. థర్మోస్టాట్ అయితే చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఇది ఇక కలవదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ బిళ్ల కరగడానికి వేడి ఒక్కసారిగా పెరగాలనేమీ లేదు. ప్రతి రాత్రీ హద్దుకు కాస్త కిందే గంటసేపు ఉడుకుతూ ఉన్నా అది మెల్లగా అరిగి, రాసిన ఉష్ణోగ్రత కన్నా ముందే తెగిపోతుంది. కొత్త ఫ్యూజు రెండు నెలలు బాగా పనిచేసి తర్వాత పోయిందంటే మరమ్మతు సరిగ్గానే జరిగిందని నమ్మకండి. సన్నటి వేడి ఒకటి రోజూ దాన్ని తింటోందని అర్థం.

అందుకే మొట్టమొదట చూడాల్సింది ఫ్యూజు ఉన్న చోటు. అది ఏ వేడిని చూసి తెగిందో ఆ చోటే చెబుతుంది. చాలా అమెరికన్ మోడళ్లలో అది తలుపు పైభాగంలో, బటన్ల వెనక కంట్రోల్ బోర్డు పక్కన ఉంటుంది. అది పోతే ప్యానెల్ మీద ఒక్క దీపం కూడా వెలగదు. అక్కడి ఫ్యూజు చూసేది బోర్డు వేడిని, కనెక్టర్ల వేడిని, తలుపులోకి ఎక్కే ఆవిరిని. నీళ్లు హీటర్ గుండా పారుతూ వేడెక్కే యంత్రాల్లో ఇలాంటి రక్షణ హీటర్ ఒంటికే అంటుకుని ఉంటుంది. అది పోతే యంత్రం నడుస్తుంది, గిన్నెలు కడుగుతుంది, కానీ నీళ్లు చల్లగానే ఉంటాయి. అక్కడ అనుమానించాల్సినవి నీళ్లు చాలకపోవడం, పాచిలా పట్టిన సున్నం. మొదటి రకం జబ్బుకు రెండో రకం మందు వేస్తే ఎన్ని ఫ్యూజులు మార్చినా తెమలదు.

మీ యంత్రంలో అది ఎక్కడుందో తెలియకపోతే, కింద నేలకు ఆనుకుని ఉండే పలక తీసి చూడండి. చాలా కంపెనీలు దాని వెనకో, తలుపు లోపలో మడతపెట్టిన టెక్ షీటు ఒకటి ఉంచుతాయి. అందులో వైరింగు పటం, ప్రతి భాగానికీ ఉండాల్సిన ఓం విలువలు, పరీక్షా విధానం ఉంటాయి. ఏ మెకానిక్ మాట కన్నా ఆ కాగితం విలువైనది. ఫోను తీసి దాన్ని వెంటనే ఫోటో తీసుకోండి.

విప్పడం

బ్రేకర్ ఆపండి. సింకు కింద ప్లగ్గు ఉంటే అదీ పీకండి. డిష్‌వాషర్లు చాలా ఇళ్లలో నేరుగా గోడ వైరుకే కలిపి ఉంటాయి కాబట్టి బ్రేకర్ మీద రాసిన పేరును నమ్మవద్దు, పాత ఇళ్లలో ఆ పేర్లు తప్పుగా ఉండటం మామూలే. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ముందు పనిచేస్తున్న ఒక సాకెట్టులో చూసి మీటరు బాగానే ఉందని తేల్చుకుని, తర్వాత యంత్రానికి వచ్చే వైర్ల మీద సున్నా ఉందో లేదో చూడండి. ఈ పని చేయని రోజు మిగతా పని మొదలుపెట్టకండి.

తలుపు తెరిచి, లోపలి వైపు అంచు చుట్టూ ఉన్న స్క్రూలు తీయాలి. ఎక్కువగా అవి నక్షత్రం ఆకారపు తల ఉన్న టోర్క్స్ స్క్రూలు. పైవి కిందివి ఒకే పొడవు ఉండకపోవచ్చు, విడివిడిగా పెట్టుకోండి. చివరి స్క్రూ తీసేటప్పుడు బయటి పలకను ఒక చేత్తో పట్టుకోవాలి, లేకపోతే అది జారి వైర్లను లాగుతుంది.

పాత ఫ్యూజు రెండు తీగలూ విడదీసి మీటరుతో కంటిన్యుటీ చూడండి. బాగున్నది దాదాపు సున్నా ఓం చూపాలి. మీటరు ఏమీ చూపకపోతే అది పోయినట్టే. దీన్ని తేల్చుకోవడానికి కొందరు ఆ రెండు తీగలనూ మెలిపెట్టి కలిపి కరెంటు వేసి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఒక్క నిమిషం కోసం కూడా. మీటరు అదే సమాధానం ఏ ప్రమాదమూ లేకుండా ఇస్తుంది. పైగా అలా కలిపిన తీగలు "ఈ వారానికి ఉండనీ" అనే మాటతో అలాగే మిగిలిపోతాయి. డిష్‌వాషర్ చెక్క అల్మరాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇంట్లో అందరూ పడుకున్నాకే చాలామంది దాన్ని నడుపుతారు. మంట పుట్టకముందే కరెంటు ఆపేది ఈ చిన్న భాగమే.

కనెక్టర్ రంగు

డాలస్ దగ్గర ఉండే మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఈసారి కంపెనీ ఫ్యూజే కొన్నాను. అయినా పోయింది."

"ఫ్యూజు సంగతి తర్వాత చూద్దాం గానీ, దాన్ని గుచ్చిన కనెక్టర్ ఏ రంగులో ఉందిరా?"

కాసేపు ఆగి అన్నాడు: "తెల్లగా ఉండాల్సింది. ఒక మూల గోధుమ రంగులోకి మారింది."

అక్కడితో సగం వెతుకులాట ముగిసింది. తలుపులో ఉండే ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతున్నప్పుడు నేను ముందుగా అనుమానించేది దాన్ని పట్టుకునే కనెక్టర్నే. చాలా మోడళ్లలో యంత్రానికి వెళ్లే కరెంటంతా ఆ ఫ్యూజు గుండానే పోతుంది. హీటర్, మోటారు కలిసి 10 యాంపియర్ల దాకా లాగుతున్నాయనుకోండి. కనెక్టర్ లోపలి ఇత్తడి పట్టు సడలి అక్కడ 0.1 ఓం అడ్డు ఏర్పడితే, కరెంటు వర్గాన్ని ఆ అడ్డుతో గుణిస్తే 10 వాట్లు వస్తాయి. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాంట్లో సగానికి కాస్త తక్కువ వేడి, ఫ్యూజు కాలి దగ్గరే, గాలి ఆడని ప్లాస్టిక్ గూటిలో గంటసేపు పుడుతోందన్న మాట. బోర్డు చల్లగానే ఉంటుంది, తొట్టి మామూలుగానే ఉంటుంది, ఫ్యూజు మాత్రం తన కాలి వేడికే తెగుతుంది. కొత్త ఫ్యూజును అదే కాలిన కనెక్టర్‌లో గుచ్చితే కథ మొదటికి వస్తుంది. ఒకసారి వేడెక్కిన ఇత్తడి స్ప్రింగు గుణం కోల్పోయి ఇంకా వదులవుతుంది కాబట్టి రెండో ఫ్యూజు మొదటిదానికన్నా త్వరగా పోతుంది.

0.1 ఓం లాంటి చిన్న అడ్డును ఇంట్లో వాడే మీటరు నమ్మకంగా చూపలేదు. ఇక్కడ కళ్లే మేలు. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? ఇత్తడి నాలుక నీలం లేక నలుపు పట్టిందా? గుచ్చినప్పుడు గట్టిగా పట్టుకుంటోందా, సులువుగా జారుతోందా? వైరు పైతొడుగు కనెక్టర్ దగ్గర పెళుసుగా విరుగుతోందా? తలుపు గడియ దగ్గరి స్విచ్చు, బోర్డు మీద హీటరు వైర్లు గుచ్చే కాళ్లు, ఇవన్నీ అదే కరెంటును మోస్తాయి. వాటిని కూడా ఇదే కంటితో చూడండి. తలుపు కింది మడత దగ్గర వైర్ల కట్ట రోజుకు నాలుగైదుసార్లు వంగుతుంది. అక్కడ తొడుగు బాగానే ఉండి లోపలి రాగి పోగులు తెగి ఉండవచ్చు. మిగిలిన కొద్ది పోగులే కరెంటంతా మోస్తూ వేడెక్కుతాయి. ఆ కట్టను వేళ్లతో నొక్కి చూస్తే తెగిన చోట మెత్తగా తగులుతుంది.

కాలిన కనెక్టర్‌ను గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టవద్దు. నల్లబడినంత మేరా వైరు కోసి, కొత్త టెర్మినల్ వేయాలి. కొన్ని కంపెనీలు ఫ్యూజును పొట్టి వైర్లతో, కొత్త కనెక్టర్‌తో కలిపి కిట్టుగా అమ్ముతాయి. ఖరీదు కాస్త ఎక్కువైనా అదే కొనండి.

హీటర్, రిలే

కనెక్టర్లన్నీ శుభ్రంగా ఉంటే అనుమానం హీటర్ వైపు మళ్లుతుంది. దాని రెండు వైర్లూ విప్పి, రెండు కాళ్ల మధ్య ఓం చూడండి. ఎంత రావాలో లెక్క వేసుకోవచ్చు: వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగించాలి. 120 వోల్టుల మీద 800 వాట్ల హీటరుకు 18 ఓంలు, 1200 వాట్లదానికి 12. ఇండియాలో 230 వోల్టుల మీద 1800 వాట్ల హీటరైతే 29 ఓంల చిల్లర. రావాల్సిన దానికన్నా బాగా తక్కువ వస్తే లోపలి చుట్టలో కొంత భాగం కలిసిపోయి ఎక్కువ కరెంటు లాగుతోంది. తర్వాత ఒక్కో కాలికీ లోహపు ఒంటికీ మధ్య చూడండి. అక్కడ మీటరు ఏమీ చూపకూడదు. చూపితే హీటరు మార్చడం తప్ప దారి లేదు.

ఈ పరీక్షలో నెగ్గిన హీటరును కూడా ఆపాల్సిన సమయానికి ఎవరూ ఆపకపోతే ప్రమాదమే. బోర్డు మీద నల్లటి లేక నీలపు పెట్టెలా కనిపించే రిలే ఆ పని చేస్తుంది. దాని లోపలి కాంటాక్టులు ఏళ్లతరబడి నిప్పురవ్వలు పడి ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు కార్యక్రమం ముగిశాక కూడా హీటరు వెలుగుతూనే ఉంటుంది. బోర్డు "ఆపు" అన్నా వినే భాగం లేదు. గుర్తుపట్టడం తేలిక: కడగడం, ఆరబెట్టడం అయిపోయిన గంట తర్వాత తలుపు తెరిస్తే లోపలి నుంచి సెగ తగులుతుంది. ప్లగ్గు ఉన్న యంత్రమైతే, 15 యాంపియర్లు మోయగల వాట్ మీటరును మధ్యలో పెట్టండి. ఆగిపోయిన యంత్రం కొద్ది వాట్లే తీసుకోవాలి. వందల్లో చూపితే రిలే అతుక్కుంది. బ్రేకర్ ఆపి, హీటరు వైర్లు విప్పి, రిలే కాంటాక్టుల మధ్య చూసినా తెలుస్తుంది. కరెంటు లేనప్పుడు అవి విడిగా ఉండాలి.

బోర్డును తిప్పి వెనక కూడా చూడండి. రిలే కాళ్ల దగ్గర టంకం చుట్టూ సన్నటి వలయంలాంటి పగులు, చుట్టుపక్కల బోర్డు గోధుమరంగు ఉంటే వేడి పుట్టే చోటు దొరికింది. సోల్డరింగ్ చేతనైనవాళ్లు పాత టంకం తీసి కొత్తది వేయవచ్చు. బోర్డు బొగ్గులా మారి ఉంటే వేయకండి. బొగ్గు కరెంటును మోస్తుంది. అలాంటప్పుడు కొత్త బోర్డు ధర కనుక్కోండి. అది కొత్త యంత్రం ధరలో సగం దాటితే నేనైతే యంత్రాన్నే మారుస్తాను.

ఆవిరి, చెమ్మ

శానిటైజ్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ భాగం సులువుగా అర్థమవుతుంది. అమెరికాలో ఇళ్ల డిష్‌వాషర్లకు ఎన్‌ఎస్‌ఎఫ్ 184 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆఖరి కడుగు నీళ్లు కనీసం 150 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 66 డిగ్రీల సెల్సియస్ చేరాలి. కుళాయి నుంచి వచ్చే వేడినీళ్లు 120 ఫారెన్‌హీట్ ఉండాలని కంపెనీలు అడుగుతాయి. మిగతా వేడంతా హీటరే ఎక్కించాలి. సింకు కుళాయిని ముందుగా తిప్పి వేడినీళ్లు వచ్చేదాకా వదలకుండా యంత్రం మొదలుపెడితే, పైపులో నిలిచిన చల్లటి నీళ్లు లోపలికి వెళ్తాయి. హీటరు ఇంకా ఎక్కువసేపు వెలగాలి, కనెక్టర్లు ఇంకా ఎక్కువసేపు ఆ కరెంటు మోయాలి. వదులుగా ఉన్న కనెక్టర్‌కు ఆ అదనపు సమయమే చాలు.

ఆ వేడిలో పుట్టే ఆవిరి తలుపులోకి రాకూడదు. రబ్బరు గ్యాస్కెట్ ఎండి బిగుసుకుపోతే పై మూలల నుంచి వస్తుంది. తలుపులోని వెంట్ మూత తెరుచుకుని ఇరుక్కుపోయినా వస్తుంది. బోర్డు మీద తెల్లటి మరకలు, తుప్పుపట్టిన స్క్రూలు, కాళ్ల మీద పచ్చటి పొర కనిపిస్తే ఆవిరి దారి అదే. గ్యాస్కెట్‌ను వేడినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, మెత్తబడకపోతే మార్చేయండి.

రిన్స్ ఎయిడ్ పోసే గిన్నె తలుపులోనే, వైర్లకు దగ్గరగా ఉంటుంది. దాని కింద వైర్ల మీద జిగటగా నీలిరంగు మరక ఉందేమో చూడండి. ఇది ఊహించి చెప్పేది కాదు. 2007లో జీఈ కంపెనీ దాదాపు 25 లక్షల డిష్‌వాషర్లను వెనక్కి పిలిచింది. రిన్స్ ఎయిడ్ లోపలి వైరింగు మీదికి కారి, షార్టయి వేడెక్కి మంట పుట్టే అవకాశం ఉందన్నది కారణం. 2012లో అదే కంపెనీ హీటరు లోపంతో సుమారు 13 లక్షలు పిలిచింది. కాబట్టి విప్పకముందే మీ మోడల్, సీరియల్ నంబర్లు తలుపు అంచు మీద చూసి, సీపీఎస్‌సీ అనే అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం వెనక్కి పిలిపించిన వాటి జాబితాలో ఉన్నాయేమో వెతకండి. ఉంటే మీరు చేయాల్సిన మరమ్మతే లేదు, కంపెనీకి ఫోన్ చేయాలి.

నీళ్లు, ఆవాలు

హీటరు ఒంటి మీద ఉన్న ఫ్యూజు పోతుంటే మాత్రం ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. తొట్టిలోకి నీళ్లు వచ్చాక తలుపు తెరిచి మట్టం చూడండి. అది సరైనదో కాదో టెక్ షీటు చెబుతుంది. తక్కువైతే మూడు చోట్లు: సింకు కింద సగమే తెరిచిన కుళాయి, చెత్తపట్టిన వాల్వు జల్లెడ, పైకి లేచి ఇరుక్కున్న ఫ్లోటు.

మట్టం సరిగ్గా ఉన్నా నీళ్లు తిరగకపోవచ్చు. మన వంటిళ్లలో అడుగున ఉండే ఫిల్టర్‌ను తీసి చూస్తే ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, పప్పు పొట్టు, వాటన్నిటినీ పట్టి ఉంచే నెయ్యి పేరుకుని ఉంటాయి. పంపుకు నీళ్లు అందక గాలి పీలుస్తుంది. హీటరు గుండా పారాల్సిన నీళ్లు పారవు, దాని ఒళ్లు మాత్రం కాగుతుంది. ఫిల్టర్ వారానికోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. గిన్నెల్ని అరల్లో సర్దేముందు తిరగమోత తాలూకు గింజలను చెత్తబుట్టలోకి దులపాలి.

హైదరాబాదులో, రాయలసీమలో బోరునీళ్లు వాడే ఇళ్లకు సున్నం బెడద దీనికి తోడు. అమెరికాలో ఫీనిక్స్, శాన్ ఆంటోనియో వైపు నీళ్లూ గట్టివే. సున్నం పట్టిన హీటరు తన వేడిని నీళ్లకు ఇవ్వలేక తానే దాచుకుంటుంది. యంత్రంలో ఉప్పు పోసే అర ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి. గిన్నెల మీద తెల్లటి మచ్చలు రాకముందే అప్పుడప్పుడు సున్నం కరిగించే పొడితో ఖాళీగా ఒకసారి నడపండి.

బిగించడం, నడిపి చూడడం

కొత్త ఫ్యూజు మీద రాసిన డిగ్రీలు, యాంపియర్లు పాతదానితో అచ్చంగా సరిపోవాలి. "కాస్త ఎక్కువ డిగ్రీలది వేస్తే ఇక పోదు కదా" అని అడుగుతారు. పోదు. దాని బదులు వైరు పోతుంది. వైర్లు కలపాల్సి వస్తే వేడికి తట్టుకునే క్రింపు టెర్మినల్‌తో, సరైన క్రింపింగ్ పట్టకారుతో నొక్కండి. ఫ్యూజు కాలికి టంకం పెట్టకండి. ఆ వేడికే లోపలి బిళ్ల కరగవచ్చు. నొక్కాక వైరును లాగి చూడాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయడం ఇక్కడ పనికిరాదు, దాని జిగురు కరుగుతుంది. ఫ్యూజు మొదట ఏ గూటిలో ఉందో ఆ గూటిలోనే కూర్చోవాలి. వైరుకు వేలాడుతూ ఉంటే అది చూడాల్సిన వేడిని చూడదు.

తలుపు మూసేముందు కింద ఉన్న జంక్షన్ పెట్టె మూత కూడా తీయండి. గోడ వైరు, యంత్రం వైరు కలిసేది అక్కడే. చాలా ఇళ్లలో బిగించినవాళ్లు హడావిడిగా తిప్పిన వైర్ నట్ వదులుగా ఉంటుంది. అది కరిగి ఉంటే కారణాల్లో అదీ ఒకటి.

మొదటిసారి నడిపేటప్పుడు హై టెంప్, శానిటైజ్, హీటెడ్ డ్రై మూడూ ఆపి, మీరు మేలుకుని ఉన్నప్పుడే నడపండి. అయిపోగానే తలుపు పైభాగాన్ని, బటన్ల చుట్టూ, చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉండవచ్చు, చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడి ఉండకూడదు. ప్లాస్టిక్ కాలిన వాసన ఏమాత్రం వచ్చినా వెంటనే బ్రేకర్ ఆపేయండి. అంతా బాగుంటే కొన్ని రోజుల తర్వాత హై టెంప్ ఒక్కటే కలపండి. ఇంకొన్నాళ్లకు శానిటైజ్. హీటెడ్ డ్రై ఆఖరున. ఇలా ఒక్కొక్కటే కలిపితే, ఫ్యూజు మళ్లీ పోయినా ఏది కలిపాక పోయిందో మీకు తెలుస్తుంది. హై టెంప్, శానిటైజ్ కలిపాక పోతే నీళ్ల మట్టానికీ ఆవిరికీ మళ్లీ వెళ్లండి. హీటెడ్ డ్రై కలిపాక పోతే రిలే, వెంట్, ఈ రెండే మిగిలాయి. ఇవేవీ కలపకుండానే పోతే కనెక్టర్లలో మీరు చూడని వదులు ఇంకొకటి ఉంది. తలుపు మడత దగ్గరి వైర్ల కట్ట తొడుగును ఈసారి విప్పి, లోపల చూడండి.